లంబోర్గిని కౌంటాచ్: చూపించిన ఇంజన్ ఇవ్వడానికి 14 ఏళ్లు పట్టిన కారు

ఈ ఎపిసోడ్‌లో ఒక కారు గురించి, ఇంకా సరిగ్గా చెప్పాలంటే ఆ కారు వెనకాల ఉన్న ఇంజన్ గురించి మాట్లాడుకుందాం. కారు పేరు లంబోర్గిని కౌంటాచ్. మనం కౌంటాచ్ అంటాం కానీ ఇటలీలో 'కూన్‌తాచ్' అని పలుకుతారు. అక్కడి పీడ్‌మాంట్ ప్రాంతం యాసలో ఆశ్చర్యపోయినప్పుడు నోట్లోంచి వచ్చే మాట అది. మన భాషలో కారుకి 'వామ్మో' అని పేరు పెట్టినట్టు అన్నమాట.

ఈ కారు మీద వీడియోలు చాలానే ఉన్నాయి. అన్నింట్లో దాదాపు ఒకటే కథ: 1974లో 4 లీటర్లు, 1982లో 4.8, 1985లో 5.2, ప్రతిసారీ ఇంకా పవర్, ఇంకా స్పీడ్. వినడానికి బాగుంటుంది. కానీ నంబర్లు పక్కపక్కన పెట్టి చూస్తే కథ అలా లేదు. 1974 కారుకి కంపెనీ చెప్పిన పవర్ 375 హార్స్‌పవర్. ఎనిమిదేళ్ల తర్వాత, ఇంజన్ 800 సీసీకి పైగా పెరిగాక, 1982 కారుకి చెప్పిన పవర్ కూడా 375. ఒక్క గుర్రం కూడా పెరగలేదు. మరి దాన్ని అప్‌గ్రేడ్ అని ఎలా అంటాం? ఈరోజు తేల్చుకోవాల్సింది అదే.

ముందు పేర్లు డీకోడ్ చేద్దాం. కౌంటాచ్ వెర్షన్లకి ఎల్‌పి400, ఎల్‌పి500 అని పేర్లుంటాయి. ఎల్‌పి అంటే 'లాంజిట్యుడినాలె పోస్టీరియోరె'. ఇంజన్ వెనకాల ఉంది, నిలువుగా పెట్టారు అని అర్థం. తర్వాత వచ్చే నంబర్ ఇంజన్ సైజు. 400 అంటే 4 లీటర్లు, 500 అంటే 5 లీటర్లు. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు 1971 మార్చి, జెనీవా మోటార్ షో. బెర్టోనే స్టూడియోలో మార్సెల్లో గాండిని గీసిన పసుపు రంగు కారు ఒకటి స్టాండ్ మీదకి వచ్చింది. నేలకి అతుక్కుపోయినట్టు ఉండే బాడీ, పైకి లేచే డోర్లు. వెనకాల రాసిన పేరు ఎల్‌పి500. ఇంజన్ 4,971 సీసీ, అంటే నిజంగానే 5 లీటర్లు. జనం పిచ్చెక్కిపోయారు. కానీ మూడేళ్ల తర్వాత, 1974లో, డబ్బు కట్టిన కస్టమర్ చేతికి వచ్చిన కారు పేరు ఎల్‌పి400. డెమోలో చూపించింది ఒకటి, రిలీజ్ చేసింది ఇంకొకటి. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాళ్లకి ఇది బాగా తెలిసిన కథే.

ఎందుకు వెనక్కి తగ్గారో అర్థం కావాలంటే ఆ ఇంజన్ ఎక్కడ పుట్టిందో చూడాలి. ఫెరూచియో లంబోర్గిని ట్రాక్టర్లు చేసి డబ్బు సంపాదించిన మనిషి. 1963లో సాంత్'అగాటా బొలొగ్నేసె అనే ఊళ్లో కార్ల కంపెనీ పెట్టాడు. ఇంజన్ కోసం జొట్టో బిజ్జారినిని పట్టుకున్నాడు. ఈయన అంతకుముందు ఫెరారీలో 250 జీటీఓ కారు మీద పనిచేసిన ఇంజనీర్. ఆయన ఇచ్చింది 3.5 లీటర్ల వి12. పన్నెండు సిలిండర్లు, ఒక్కో వైపు ఆరు, రెండు వైపులా రెండేసి క్యామ్‌షాఫ్ట్‌లు. స్వభావంలో అది రేసింగ్ ఇంజన్. కంపెనీ ఇంజనీర్లు దాన్ని రోడ్డుకి తగ్గట్టు కాస్త మెత్తబరిచి 1964లో 350 జీటీ కారులో పెట్టారు. తర్వాత అదే ఇంజన్ 3,929 సీసీకి పెరిగింది. 1966లో మియురా అనే కారులో సీట్ల వెనకాల అడ్డంగా కూర్చుంది. ఆ మియురాకి వారసుడే కౌంటాచ్.

కౌంటాచ్‌లో చీఫ్ ఇంజనీర్ పావులో స్టాన్‌జాని ఇంజన్‌ని నిలువుగా తిప్పాడు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. అంత పొడవైన ఇంజన్ నిలువుగా పెట్టి, దాని వెనకాల గేర్‌బాక్స్ పెడితే బరువంతా తోకకి పోతుంది. అందుకే ఆయన మొత్తం ఇంజన్‌ని రివర్స్ చేశాడు. గేర్‌బాక్స్ ముందుకి, రెండు సీట్ల మధ్యకి వచ్చింది. గేర్ రాడ్ నేరుగా గేర్‌బాక్స్‌లోకే దిగుతుంది. మరి పవర్ వెనక చక్రాలకి వెళ్లాలి కదా? దానికోసం ఒక షాఫ్ట్‌ని ఇంజన్ కింద ఉండే ఆయిల్ సంప్ గుండా, సీల్ చేసిన గొట్టంలోంచి వెనక్కి పంపించారు. పవర్ ముందుకి వెళ్లి, యూటర్న్ కొట్టి, ఇంజన్ పొట్ట కిందనుంచి వెనక్కి వస్తుంది. దీనివల్ల బరువు మధ్యకి వచ్చింది. కానీ షాఫ్ట్‌కి చోటివ్వాలి కాబట్టి ఇంజన్ కాస్త ఎత్తులో కూర్చుంది. ఈ ఎత్తు సంగతి తర్వాత మళ్లీ వస్తుంది.

ఇక సీసీల లెక్క. దీనికి మనకి తెలిసిన బండి తీసుకుందాం, పాత బుల్లెట్ 350. దాని సిలిండర్ వెడల్పు, అంటే బోర్, 70 మిల్లీమీటర్లు. పిస్టన్ పైకి కిందకి తిరిగే దూరం, అంటే స్ట్రోక్, 90 మిల్లీమీటర్లు. మొత్తం 346 సీసీ. ఎల్‌పి400 ఒక్క సిలిండర్ ఎంతో తెలుసా? 327 సీసీ. దాదాపు బుల్లెట్ అంతే. అంటే సైజులో చూస్తే పన్నెండు బుల్లెట్లు ఒకచోట కట్టినట్టు.

కానీ ఆకారం పూర్తిగా ఉల్టా. లంబోర్గిని బోర్ 82, స్ట్రోక్ 62. బుల్లెట్ సన్నగా పొడవుగా ఉండే గ్లాసు అనుకుంటే, ఇది వెడల్పుగా పొట్టిగా ఉండే గిన్నె. స్ట్రోక్ తక్కువైతే పిస్టన్ ప్రతి చుట్టులో తక్కువ దూరం పరిగెడుతుంది, కాబట్టి ఎక్కువసార్లు తిరగగలదు. అందుకే బుల్లెట్ డుగ్ డుగ్ అంటూ తాపీగా వెళ్తే, ఇది 8,000 ఆర్‌పీఎం దగ్గర కేక పెడుతుంది.

1971 షో కారు ఇంజన్‌లో బోర్ 85, స్ట్రోక్ 73 చేశారు. కాగితం మీద 5 లీటర్లు వచ్చాయి. కానీ టెస్టింగ్‌లో ఆ ఇంజన్ నమ్మకంగా నిలబడలేదు. దానికి తోడు ఆ అందమైన బాడీలోకి గాలి సరిగ్గా వెళ్లక ఇంజన్ వేడెక్కిపోయేది. ఇప్పుడు మనం కౌంటాచ్ అనగానే గుర్తొచ్చే పక్క డక్టులు, భుజాల మీద డబ్బాల్లాంటి గాలి గొట్టాలు, అన్నీ ఆ వేడి తగ్గించడానికి పెట్టినవే. స్టైల్ కోసం కాదు. 1973 జెనీవా షోకి వచ్చిన రెండో ప్రోటోటైప్‌లో మళ్లీ పాత 3,929 సీసీ ఇంజనే ఉంది. ఆ మొదటి పసుపు కారుని 1974లో ఇంగ్లండ్‌లో క్రాష్ టెస్ట్ చేసి ముక్కలు చేశారు.

బయట పరిస్థితి కూడా అలాగే ఉంది. ఫెరూచియో 1972లో కంపెనీలో ఎక్కువ వాటా ఒక స్విస్ వ్యాపారికి అమ్మేశాడు, 1974కల్లా మిగతాది కూడా ఇంకొకరికి అమ్మి బయటపడ్డాడు. 1973లో ఆయిల్ సంక్షోభం. పెట్రోల్ దొరక్క యూరప్ అల్లాడుతున్న టైమ్‌లో పన్నెండు సిలిండర్ల కారు అమ్మాలి. కొత్త ఇంజన్ మీద ఖర్చు పెట్టే స్థితిలో ఎవరున్నారు?

అలా వచ్చింది ఎల్‌పి400. ఆరు వెబర్ కార్బ్యురేటర్లు, ఒక్కోదానికి రెండు గొంతులు, అంటే ఒక్కో సిలిండర్‌కి ఒక్కో గొంతు. 375 హార్స్‌పవర్, అదీ 8,000 ఆర్‌పీఎం దగ్గర. కంపెనీ చెప్పిన బరువు 1,065 కిలోలే. వింగ్ లేదు, ఉబ్బిన ఫెండర్లు లేవు. 14 అంగుళాల చక్రాలు, వెనక టైర్ వెడల్పు 215 మిల్లీమీటర్లు. ఈరోజు మన మామూలు ఎస్‌యూవీల టైర్లే ఇంచుమించు ఆ వెడల్పు ఉంటాయి. దాదాపు 150 కార్లు తయారయ్యాయి.

ఇక 1978, ఎల్‌పి400ఎస్. దీని వెనకాల ఉన్న పేరు వాల్టర్ వోల్ఫ్. కెనడాలో ఆయిల్ వ్యాపారంలో సంపాదించి, సొంత ఫార్ములా వన్ టీమ్ నడిపిన మనిషి. తన కౌంటాచ్‌లని తనకి నచ్చినట్టు మార్పించుకున్నాడు. వెడల్పు పిరెల్లి పీ7 టైర్లు, వాటిని కప్పడానికి ఉబ్బిన ఆర్చ్‌లు, వెనక వింగ్. అది చూసి కంపెనీ అదే రూపంలో కొత్త వెర్షన్ తెచ్చింది. వెనక టైర్ 215 నుంచి ఒక్కసారిగా 345 మిల్లీమీటర్లకి వెళ్లింది. సస్పెన్షన్ పని జాన్ పావులో దల్లారా చూసుకున్నాడు.

మరి ఇంజన్? అదే 3,929 సీసీ. పవర్ పెరగలేదు, చాలా లెక్కల ప్రకారం 350 దగ్గరకి తగ్గింది కూడా. బరువు పెరిగింది, టైర్ల రాపిడి పెరిగింది, వింగ్ పెట్టించుకుంటే గాలి అడ్డు పెరిగి టాప్ స్పీడ్ ఇంకా పడిపోయింది. కార్నర్లలో గ్రిప్ మాత్రం అద్భుతం. అంటే పోస్టర్ల మీద మనం చూసిన కౌంటాచ్, వింగ్‌తో, లావు టైర్లతో, 1981లో 'ది కానన్‌బాల్ రన్' సినిమా మొదట్లో దూసుకెళ్లే ఆ నల్ల కారు, నేరుగా పరిగెత్తడంలో ముందు వెర్షన్ కంటే నెమ్మదైంది. చూడ్డానికి వేగంగా, పరుగులో భారంగా. ఎందుకంటే టైర్లు కొనొచ్చు, ఆర్చ్‌లు అతికించొచ్చు. కొత్త ఇంజన్ చెయ్యాలంటే డబ్బు కావాలి, అది వాళ్ల దగ్గర లేదు. ఆ 1978లోనే కంపెనీ కోర్టు పర్యవేక్షణలోకి వెళ్లింది.

కంపెనీని కాపాడింది మిమ్రాన్ సోదరులు. సెనెగల్‌లో చక్కెర వ్యాపారం ఉన్న కుటుంబం. అన్నదమ్ముల్లో పాట్రిక్ మిమ్రాన్ పాతికేళ్ల వయసులో లంబోర్గిని పగ్గాలు పట్టుకున్నాడు. మనలో చాలామంది ఆ వయసులో రెండో కంపెనీకి రెజ్యూమె పంపుతుంటాం. ఇంజనీరింగ్ బాధ్యత జూలియో అల్ఫియెరికి వెళ్లింది. మాసెరాటిలో చాలా ఏళ్లు పనిచేసిన అనుభవజ్ఞుడు. డబ్బు, బుర్ర రెండూ వచ్చాయి. 1982లో ఎల్‌పి500ఎస్ వచ్చింది.

బోర్ 85.5, స్ట్రోక్ 69. మొత్తం 4,754 సీసీ. 5 లీటర్లు కాకపోయినా పేరు మాత్రం 500. పవర్ 375. మొదట్లో అడిగిన ప్రశ్న ఇదే: 825 సీసీ ఎక్కడికి పోయింది?

జవాబు ఆర్‌పీఎంలో ఉంది. పవర్ అంటే టార్క్ ఇంటూ ఆర్‌పీఎం. ఎల్‌పి400లో 375 వచ్చేది 8,000 దగ్గర. ఎల్‌పి500ఎస్‌లో 7,000 దగ్గర. గరిష్ఠ టార్క్ సుమారు 365 న్యూటన్ మీటర్ల నుంచి 410కి పెరిగింది, అదీ ఇంకా తక్కువ ఆర్‌పీఎంలోనే. ఒకటి పెరిగింది, ఇంకొకటి తగ్గింది, గుణిస్తే మళ్లీ అదే 375. కానీ నడిపేవాడికి తేడా చాలా ఉంది. పాత ఇంజన్‌ని అరిపిస్తే తప్ప పని చెయ్యదు. కొత్తది మధ్యలోనే లాగుతుంది. పెరిగిన బరువుని, లావు టైర్లని మొయ్యాలంటే కావాల్సింది అదే. అంటే ఈ అప్‌గ్రేడ్ కారుని ముందుకి తీసుకెళ్లలేదు, 1978లో చేసిన అప్పు తీర్చింది. మనం ఫోన్లో అప్‌డేట్ వేసుకుంటాం, యాప్‌లు బరువెక్కుతాయి, కొత్త ప్రాసెసర్ కొంటే పాత స్పీడే మళ్లీ వస్తుంది. సరిగ్గా అదే.

సరే, అసలైన జంప్ ఇప్పుడు. 1984లో ఫెరారీ టెస్టరోసా వచ్చింది. 4.9 లీటర్లు, పన్నెండు సిలిండర్లు, ఒక్కో సిలిండర్‌కి నాలుగు వాల్వ్‌లు, 390 హార్స్‌పవర్. పక్కింటి శత్రువు దాటిపోయాడు. లంబోర్గినిలో ఇంకా 1963 నాటి రెండు వాల్వ్‌ల హెడ్డే ఉంది.

వాల్వ్‌లతో ఏమొస్తుంది? సినిమా హాల్ ఊహించుకోండి. సీట్లు పెంచారు, కానీ లోపలికి ఒక గేటు, బయటికి ఒక గేటు. షో మారే టైమ్‌లో తొక్కిసలాటే. సీసీలు పెంచడమంటే సీట్లు పెంచడం. వాల్వ్‌లు పెంచడమంటే గేట్లు పెంచడం. ఆర్‌పీఎం పెరిగేకొద్దీ షోల మధ్య గ్యాప్ తగ్గిపోతుంది, కాబట్టి గేట్లే కీలకం అవుతాయి.

1985లో అల్ఫియెరి టీమ్ రెండూ ఒకేసారి చేసింది. బోర్ 85.5 అలాగే ఉంచి స్ట్రోక్ 75కి పెంచారు, 5,167 సీసీ. కొత్త హెడ్‌లతో సిలిండర్‌కి నాలుగు వాల్వ్‌లు, మొత్తం 48. కారు పేరు 5000 క్వాట్రోవాల్వోలె, అంటే నాలుగు వాల్వ్‌లు అనే. పవర్ 455, అదీ 7,000 ఆర్‌పీఎం దగ్గరే. టార్క్ 500 న్యూటన్ మీటర్లు. 1971లో స్టాండ్ మీద చూపించిన ఆ 5 లీటర్లు కస్టమర్ చేతికి నిజంగా వచ్చింది ఇప్పుడు. 14 ఏళ్లకి.

దీనికీ బిల్లు కట్టాల్సి వచ్చింది. కొత్త హెడ్‌లతో కార్బ్యురేటర్లు పక్కల నుంచి ఇంజన్ పైకి మారాయి. ఇంజన్ ముందే ఎత్తులో కూర్చుందని చెప్పా కదా, దాని మీద ఇవి. ఇంజన్ మూత మూపురంలా లేచింది. వెనక అద్దంలోంచి అసలే అంతంతమాత్రంగా కనిపించే రోడ్డు ఇక దాదాపు కనిపించడం మానేసింది. అమెరికా పొగ నిబంధనల కోసం అక్కడి కార్లకి బాష్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెట్టారు. దాంతో పవర్ 455 నుంచి 420 దగ్గరకి పడింది. బరువు ఇప్పుడు 1,490 కిలోలు. కంపెనీలు బరువు కొలిచే పద్ధతులు వేరువేరుగా ఉంటాయి కాబట్టి 1,065తో పక్కపక్కన పెట్టేటప్పుడు జాగ్రత్త. కానీ ఎటువైపు వెళ్లిందో స్పష్టమే.

ఇంకో లెక్క నేను వేసి చూశా. లీటరుకి ఎంత పవర్? కంపెనీ అంకెలే తీసుకుంటే ఎల్‌పి400కి 95. ఎల్‌పి500ఎస్‌కి 79. క్వాట్రోవాల్వోలెకి 88. నలభై ఎనిమిది వాల్వ్‌లు పెట్టినా, లీటరు లెక్కన 1974 ఇంజన్‌ని దాటలేదు. బిజ్జారిని మొదట గీసిన గీత అంత బలమైంది.

1987లో కంపెనీ అమెరికా క్రైస్లర్ చేతికి వెళ్లింది. 1988లో కంపెనీకి 25 ఏళ్లు నిండిన సందర్భంగా యానివర్సరీ కౌంటాచ్ వచ్చింది. అదే 5,167 సీసీ ఇంజన్, బాడీ మార్పులు మాత్రం చాలా. వాటిని చేసింది హొరాషియో పగాని, తర్వాత సొంతంగా పగాని కంపెనీ పెట్టిన అర్జెంటీనా మనిషే. 650కి పైగా తయారయ్యాయి, అన్ని వెర్షన్లలోకి ఎక్కువ ఇదే. 1990లో కౌంటాచ్ ఆగిపోయింది. అన్నీ కలిపితే రెండు వేల లోపే.

కానీ ఇంజన్ ఆగలేదు. డయాబ్లోలో 5.7 లీటర్లు, 492 హార్స్‌పవర్. తర్వాత ముర్సియెలాగోలో 6.2, చివరికి 6.5 లీటర్లు. 2010 దాకా ఆ కుటుంబమే నడిచింది. ఇక్కడ నాకు బాగా నచ్చిన విషయం ఒకటి. సిలిండర్ల మధ్య చోటు ఎంతో బ్లాక్ గీసిన రోజే దాదాపు తేలిపోతుంది, కాబట్టి బోర్ కొంచెమే పెంచగలం. పెరగాల్సింది స్ట్రోకే. వరసగా చూడండి: 62, 69, 75. చివరి 6.5 లీటర్ల ఇంజన్‌లో స్ట్రోక్ 89. బోర్ 88. బుల్లెట్ స్ట్రోక్ 90 కదా. వెడల్పు గిన్నెగా పుట్టిన ఇంజన్ 47 ఏళ్లలో మెల్లగా గ్లాసు వైపు సాగింది.

ఇంకో మార్పు కూడా జరిగింది. 2021లో కౌంటాచ్ పేరుతో మళ్లీ 112 కార్లు చేశారు, పేరు ఎల్‌పిఐ 800-4. ఇందులో 800 అంటే 8 లీటర్లు కాదు, హార్స్‌పవర్ లెక్క. ఒకప్పుడు ఇంజన్ ఎంత పెద్దదో చెప్పిన నంబర్ ఇప్పుడు ఎంత పవరో చెబుతోంది. అదే ఏడాది, ముక్కలైన ఆ మొదటి పసుపు ఎల్‌పి500ని కూడా లంబోర్గిని వాళ్లు ఒక కలెక్టర్ కోసం మొదటి నుంచి మళ్లీ తయారు చేశారు.

ఇప్పుడు మన ప్రశ్నకి వద్దాం. అప్‌గ్రేడ్ అంటే ఏంటి? కౌంటాచ్‌లో ఒక్కో ఇంజన్ ఒక్కో అవసరానికి వచ్చింది. 1974ది డబ్బు లేక వెనక్కి తగ్గిన ఇంజన్. 1982ది పెరిగిన బరువుకి బాకీ కట్టిన ఇంజన్. 1985ది పక్కింటి ఫెరారీకి జవాబు. నంబర్ పెరిగిందని కారు ముందుకి వెళ్లిందని కాదు. ఆ పెరిగింది ఏ ఖాతాలోకి పోయిందో చూడాలి.

ఈరోజు కలెక్టర్లు ఈ కార్లలో దేనికి ఎక్కువ డబ్బు పెడుతున్నారో చూస్తే, అది 455 గుర్రాల క్వాట్రోవాల్వోలె కాదు. వింగ్ లేని, సన్న టైర్ల, అన్నింటికంటే చిన్న ఇంజన్ ఉన్న ఆ మొదటి ఎల్‌పి400. తక్కువ తయారయ్యాయి కాబట్టి రేటు ఎక్కువ, నిజమే. కానీ గాండిని గీసింది, స్టాన్‌జాని అనుకున్నది ఏ బరువూ మీద పడకుండా మిగిలింది ఆ కారులోనే.

మీకు ఛాన్స్ ఇస్తే ఏది తీసుకుంటారు? 8,000 దాకా కేక పెట్టే 1974 కారా, వెనక ఏమీ కనిపించకపోయినా 455 గుర్రాల 1985 కారా? కారణంతో సహా కామెంట్లలో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా హెల్మెట్ పెట్టుకోండి, సీట్ బెల్ట్ వేసుకోండి. ఉంటా మరి.